కండల మాటున కనిపించని కుక్క: స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్ స్వభావం, సంరక్షణ

మోకాలి ఎత్తు కూడా దాటని కుక్కే కదా అని ఎత్తుకోబోయినవారు, అది చేతుల్లోకి వచ్చేసరికి ఒక్క క్షణం తడబడతారు. చూపుకు చిన్నది, ఎత్తితే రాయిలా బరువు. స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్‌తో చాలామందికి మొదటి పరిచయం ఇలాగే జరుగుతుంది. భుజం దగ్గర దీని ఎత్తు 36 నుంచి 41 సెంటీమీటర్లే అయినా, మగకుక్క 13 నుంచి 17 కిలోలు, ఆడకుక్క 11 నుంచి 15 కిలోల పైచిలుకు తూగుతుంది. పొట్టిగా, లోతుగా ఉండే తల, బుగ్గల దగ్గర ఉబ్బెత్తుగా కనిపించే దవడ కండరాలు, విశాలమైన ఛాతీ, ఎడంగా నిలిచే ముందుకాళ్లు, వెనక్కి వెళ్లేకొద్దీ సన్నబడే నడుము, పాతకాలపు చేతిపంపు పిడిలా కిందికి వంగిన తోక దీని గుర్తులు. వెంట్రుకలు పొట్టిగా ఒంటికి అతుక్కున్నట్టు ఉంటాయి కనుక చర్మం కింద కండ కదలడం స్పష్టంగా తెలుస్తుంది.

ఈ జాతి చుట్టూ అల్లుకున్న చిక్కులన్నిటికీ మూలం ఆ కండే. దాన్ని చూసి కొందరు ఈ కుక్క ప్రమాదకరమని తీర్మానిస్తారు. మరికొందరు, ముఖ్యంగా ముచ్చటపడి తెచ్చుకున్నవారు, ఎండైనా దెబ్బైనా ఇది తట్టుకుంటుందని, దీనికేమీ కాదని నమ్ముతారు. మొదటి పొరపాటు వల్ల కుక్కకు ఇల్లు దొరకదు. రెండో పొరపాటు వల్ల, దొరికిన ఇంట్లోనే దాని ప్రాణం మీదికి వస్తుంది. రెండోదే ఎక్కువ కీడు చేస్తుందని నా అభిప్రాయం. అది ప్రేమగా చూసుకునే ఇళ్లలో జరుగుతుంది కనుక ఎవరూ అనుమానించరు, సరిదిద్దరు.

ముందుగా పేర్ల చిక్కు విప్పాలి. జనం 'పిట్‌బుల్' అనే ఒక్క మాటతో పిలిచే కుక్కల్లో నిజానికి వేర్వేరు జాతులు ఉన్నాయి. వాటిలో మన స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్ ఇంగ్లండుకు చెందినది, అన్నిటిలోకీ చిన్నది. కోడిగుడ్డు ఆకారపు తలతో కనిపించే బుల్ టెరియర్ కూడా ఇంగ్లండుదే. బర్మింగ్‌హామ్‌కు చెందిన జేమ్స్ హింక్స్ 1860ల ప్రాంతంలో దానికి రూపం ఇచ్చాడు. వలస వెళ్లినవారి వెంట అమెరికా చేరిన కుక్కల నుంచి అక్కడ మరింత పొడవైన, బరువైన కుక్కలు తయారయ్యాయి. వాటిని 1898లో ఏర్పడిన యునైటెడ్ కెన్నెల్ క్లబ్ అనే కుక్కజాతుల నమోదు సంస్థ అమెరికన్ పిట్ బుల్ టెరియర్ పేరుతో నమోదు చేసింది. అదే కోవ కుక్కలను 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ స్టాఫర్డ్‌షైర్ టెరియర్ అన్న పేరుతో చేర్చుకొని, ఇంగ్లండు జాతితో గందరగోళం రాకుండా 1972లో ఆ పేరును అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ టెరియర్‌గా మార్చింది. అమెరికన్ పిట్ బుల్ టెరియర్‌ను మాత్రం ఆ క్లబ్ ఈనాటికీ జాతిగా గుర్తించలేదు. ఎక్స్‌ఎల్ బుల్లీ అనే భారీ కుక్క ఇంకా కొత్తది. వీటి పూర్వీకులు ఒకటే అయినా, ఒకదాని బరువు, ఎత్తు, పెంపకపు చరిత్ర మరొకదానికి వర్తించవు.

పేరు కేవలం పేరు కాదు, చట్టం దాన్ని పట్టుకొనే నడుస్తుంది. బ్రిటన్‌లో 1991 నాటి ప్రమాదకర కుక్కల చట్టం పిట్ బుల్ టెరియర్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలీరో అనే నాలుగు రకాలపై నిషేధం పెట్టింది. ఇంగ్లండు, వేల్స్‌లలో 2023 చివర ఎక్స్‌ఎల్ బుల్లీ కూడా ఆ జాబితాలో చేరింది. స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్ అందులో ఎన్నడూ లేదు. అయితే 'పిట్ బుల్ రకం' అవునా కాదా అన్నది అక్కడ వంశావళిని బట్టి కాక శరీర కొలతలను బట్టి తేలుస్తారు. అందువల్ల స్టాఫర్డ్ రక్తం కలిసిన సంకర జాతి కుక్క ఒకటి కాస్త పొడవుగా పెరిగిందంటే చట్టం కింద చిక్కుకోవచ్చు. జర్మనీ దారి వేరు. అక్కడి 2001 నాటి సమాఖ్య చట్టం పిట్ బుల్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్, బుల్ టెరియర్‌లతో పాటు స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్ దిగుమతిని కూడా అడ్డుకుంటుంది. ఒక దేశంలో పిల్లల మధ్య తిరిగే ఇంటికుక్క, మరో దేశపు సరిహద్దు దగ్గర ప్రమాదకర జంతువు అవుతుంది. ఈ కుక్కతో ఊరు మారాలనుకునేవారు ప్రయాణపు టికెట్ల కంటే ముందు అక్కడి చట్టాన్ని చూసుకోవడం మంచిది.

ఇన్ని దేశాలు ఇంతగా భయపడటానికి కారణం చరిత్రలో ఉంది, దాన్ని దాచడం వల్ల జాతికి మేలు జరగదు. ఇంగ్లండులో ఎద్దును కట్టేసి దానిమీదికి బుల్‌డాగ్‌లను ఉసిగొల్పే ఆట శతాబ్దాల పాటు సాగింది. 1835లో చట్టం దాన్ని నిషేధించింది. కుక్కల పందేలను కూడా అదే చట్టం నిషేధించింది కానీ, ఎద్దును నలుగురికీ కనబడకుండా దాచడం కష్టం, రెండు కుక్కలను ఒక నేలమాళిగలోకి తీసుకుపోవడం సులువు. అలా రహస్య పందేలు పెరిగాయి. బుల్‌డాగ్ పట్టుకూ బలానికీ, టెరియర్ అనే చిన్న వేటకుక్క చురుకుదనాన్నీ పట్టుదలనూ జోడించి 'బుల్ అండ్ టెరియర్' అనే సంకర కుక్కలను పెంచారు. గోతిలో వదిలిన ఎలుకలను ఎంత వేగంగా చంపుతాయో పందెం కాసే ఆటలో కూడా వీటిని దింపేవారు. ఇనుప పనులకు, బొగ్గు గనులకు పేరుపడ్డ స్టాఫర్డ్‌షైర్ ప్రాంతపు కార్మికుల ఇళ్లలో ఈ కుక్కలు ఎక్కువగా పెరిగాయి కనుక ఆ పేరు స్థిరపడింది.

పందేల నీడ ఉండటంతో బ్రిటన్‌లో కెన్నెల్ క్లబ్ ఏర్పడిన 1873 తరవాత కూడా ఆరు దశాబ్దాలకు పైగా ఈ జాతి బయటే ఉండిపోయింది. 1935లో గొలుసుల తయారీకి ప్రసిద్ధమైన క్రాడ్లీ హీత్‌లో, క్రాస్ గన్స్ అనే మద్యశాలలో కొందరు పెంపకందారులు కూడి క్లబ్ ఏర్పాటు చేసి, కుక్క ఎలా ఉండాలో లక్షణ పత్రం రాసుకున్నారు. ఆ ఏడాదే కెన్నెల్ క్లబ్ గుర్తింపు వచ్చింది. మొదటి పత్రంలో ఎత్తు 15 నుంచి 18 అంగుళాలు. 1948లో దాన్ని సవరించి 14 నుంచి 16 అంగుళాలకు తగ్గించారు కానీ, బరువును మాత్రం అలాగే ఉంచేశారు. ఎత్తు తగ్గి బరువు తగ్గకపోతే మిగిలేది ఒత్తుగా కూరిన శరీరమే. ఇవాళ మనం ఈ జాతికి పుట్టుకతో వచ్చిన సహజ లక్షణమని అనుకునే గుండ్రటి కండలో కొంత భాగం, ఈ కాగితం మీది మార్పు నుంచి వచ్చింది. ప్రదర్శనల్లో మరింత బరువైన కుక్కే మంచి కుక్క అన్న అభిరుచి కూడా అక్కడినుంచే బలపడిందని నేను అనుకుంటాను. లక్షణ పత్రం కోరేది బలంతో పాటు చురుకుదనాన్ని. పరిగెత్తలేని బలం ఈ జాతికి అలంకారం కాదు.

ఇక స్వభావం. ఈ విషయంలో రెండు వేర్వేరు ప్రశ్నలను కలిపి అడగడం వల్లనే సగం వాదనలు తెగకుండా ఉన్నాయి. మనుషుల పట్ల కుక్క ఎలా ఉంటుందన్నది ఒక ప్రశ్న, తోటి కుక్కల పట్ల ఎలా ఉంటుందన్నది పూర్తిగా మరో ప్రశ్న. మనుషుల విషయంలో స్టాఫర్డ్ సాధారణంగా ఆశ్చర్యం కలిగించేంత ప్రేమగా ఉంటుంది. ఇంటికి వచ్చినవారిని చూడగానే తోకతో మొదలైన ఊపు నడుము దాకా పాకి, వెనకభాగమంతా అటూ ఇటూ ఊగిపోతుంది. నోరు చెవుల దాకా తెరుచుకుంటుంది. ఆ తరవాత 15 కిలోల బరువు నేరుగా వచ్చి మోకాళ్లకు తగులుతుంది. ఈ కుక్క వల్ల చిన్నపిల్లలకు, వృద్ధులకు ఇంట్లో తరచుగా తగిలే దెబ్బలు కోపంతో వచ్చినవి కావు, ఇలా సంతోషంతో పడగొట్టినవి. కాపలా కుక్కగా దీన్ని తెచ్చుకునేవారు చాలావరకు నిరాశపడతారు, ఇది కొత్తవారికి కూడా ఒళ్లో కూర్చునే రకం.

తోటి కుక్కల విషయం వేరు. కుక్కపిల్లగా ఉన్నప్పుడు అన్నిటితో ఆడుకున్న స్టాఫర్డ్, ఏడాది దాటి మూడేళ్లు వచ్చేలోపు, శరీరంతో పాటు మనసు పరిణతి చెందే దశలో, ముఖ్యంగా తనలాంటి మగ లేదా తనలాంటి ఆడ కుక్కను సహించకపోవచ్చు. అన్నీ ఇలా మారవు. మారినవాటిలో కూడా చాలావరకు తామై తగువుకు దిగవు, ఎదుటి కుక్క సవాలు చేస్తే మాత్రం వెనక్కి తగ్గవు. పందెపు గోతిలో ఎంపిక చేసిన పట్టుదల తాలూకు అవశేషం ఇదే. దీన్ని కుక్క తప్పుగా చూడటం అన్యాయం, లేదన్నట్టు నటించడం బాధ్యతారాహిత్యం. బహిరంగ స్థలాల్లో పట్టీ వదలకపోవడం, గుంపులుగా కుక్కలను వదిలే పార్కులకు బదులు పరిచయమున్న ఒకటి రెండు కుక్కలతో నడక, ఒకే ఇంట్లో రెండు ఉంటే మగ–ఆడ జోడీగా ఉంచి, వాటిని కూడా ఎవరూ లేనప్పుడు వేరువేరు గదుల్లో ఉంచడం వంటి జాగ్రత్తలతో ఎక్కువమంది యజమానులు జీవితాంతం ఏ గొడవా లేకుండా గడిపేస్తారు. పోట్లాట జరిగితే మధ్యలో చెయ్యి పెట్టకూడదు. మనుషులకు తీవ్రమైన గాయాలు అయ్యేది చాలాసార్లు అప్పుడే.

పందెపు గోతిలో కుక్కలను విడదీసేది మనుషులే కనుక, మనిషిని కరిచే కుక్కను అప్పటివాళ్లు ఉంచుకునేవారు కాదనీ, అందువల్ల ఈ జాతి మనిషిని కరవదనీ ఒక వాదన ఉంది. అందులో తర్కం కొంత ఉన్నా, దాన్ని హామీగా తీసుకోకూడదు. పెంచేవారందరూ అంత క్రమశిక్షణతో ఎంపిక చేశారని చెప్పడానికి లేదు, పైగా ఆ రోజులు గడిచి తరాలు దాటాయి. 'పిల్లల ఆయా' అనే ముద్దుపేరు కూడా ఇలాంటిదే. లక్షణ పత్రమే ఈ కుక్క పిల్లల పట్ల ప్రేమగా ఉంటుందని చెబుతుంది, అది సాధారణంగా నిజం. కానీ ఏ కుక్కా ఆయా కాదు. తింటున్నప్పుడో, నిద్రపోతున్నప్పుడో, నొప్పితో ఉన్నప్పుడో పసిబిడ్డ మీద పడితే ఎంతటి మంచి కుక్కైనా ఉలిక్కిపడుతుంది, దీని దవడ బలానికి ఆ ఉలికిపాటు ఖరీదు ఎక్కువ. పిల్లలూ కుక్కా ఉన్న గదిలో చూసుకునే పెద్దవాళ్లు ఉండాలన్న నియమానికి ఈ జాతి మినహాయింపు కాదు.

జాతి ఎంతవరకు స్వభావాన్ని నిర్ణయిస్తుందన్న ప్రశ్నకు 2022లో సైన్స్ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం కొంత వెలుగు చూపింది. 18 వేలకు పైగా కుక్కల యజమానులు ఇచ్చిన వివరాలను, వాటిలో కొన్నిటి జన్యుపటాలను కలిపి చూసినప్పుడు, ఒక్కొక్క కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతమే. దాని అర్థం జాతికి ప్రభావమే లేదని కాదు, జాతి పేరు తెలిసినంత మాత్రాన ఎదురుగా ఉన్న కుక్క తెలిసిపోదని. దవడలు తాళం పడతాయన్న ప్రచారానికైతే ఆ మాత్రం ఆధారం కూడా లేదు. ఈ జాతి దవడల్లో తాళంలాంటి నిర్మాణం ఏదీ లేదు, మిగతా కుక్కల్లో ఉన్న కీలే వీటిలోనూ ఉంది. పట్టుకున్నది వదలకపోవడం ఎముకల పని కాదు, పట్టుదల పని. 'వదులు' అన్న మాటను ఆటలోనే, చిన్నప్పటినుంచే, బొమ్మ ఇచ్చి పుచ్చుకుంటూ నేర్పడం అందుకే అవసరం.

ఇప్పుడు ఈ కుక్కను నిజంగా చంపగల విషయానికి వద్దాం. అది వేడి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల్లో తప్ప. ఒంట్లో వేడిని అది ప్రధానంగా రొప్పుతూ, నోటి తడి ఆవిరి చేస్తూ బయటికి పంపుతుంది. కండరం పనిచేసినప్పుడల్లా వేడి పుడుతుంది కనుక, కండ ఎక్కువున్న కుక్కలో పుట్టే వేడి కూడా ఎక్కువ. ఆ వేడిని పంపాల్సిన మూతి మాత్రం ఈ జాతిలో పొట్టిది. దీనికి తోడు ఆగడం తెలియని ఉత్సాహం ఉంది. బంతి విసిరితే చాలు, ఇరవయ్యోసారి కూడా మొదటిసారంత వేగంగా పరిగెత్తుతుంది. ఆ ఇరవయ్యోసారి దాని నాలుకను గమనించండి. చివర పారలా వెడల్పై, పక్కకు వేలాడుతూ, ముదురు ఎరుపెక్కి ఉంటుంది; జొల్లు చిక్కగా తీగలు సాగుతుంది; పెదవులు వెనక్కి లాగినట్టుంటాయి. కొత్తవారికి అది నవ్వులా కనిపిస్తుంది. అప్పటికే ఆట ఆపి పది నిమిషాలు అయి ఉండాల్సింది.

మూసిన కారులో వదిలేస్తేనే వడదెబ్బ తగులుతుందని చాలామంది అనుకుంటారు. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు బ్రిటన్ పశువైద్యశాలల రికార్డులను పరిశీలించినప్పుడు, వేడి సంబంధ జబ్బుల్లో అధికభాగం నడిపించడం, పరిగెత్తించడం, ఆడించడం వల్ల వచ్చినవేనని తేలింది. కుక్క ఒంటి సహజ ఉష్ణోగ్రత 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. అది 41 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. తూలడం, వాంతి, ఆగని రొప్పు, చిగుళ్లు బాగా ఎర్రబడటం లేదా పాలిపోవడం కనిపించిన వెంటనే చేయాల్సిన పని ఒళ్లంతా నీళ్లు పోసి గాలి తగిలేలా చూడటం. ముందు చల్లబరచాలి, ఆ తరవాతే ఆసుపత్రికి తరలించాలి. చల్లటి నీళ్లు పోస్తే రక్తనాళాలు కుంచించుకుపోయి హాని జరుగుతుందన్న పాత భయాన్ని ఇప్పుడు పశువైద్యులు పక్కన పెట్టేశారు. తడి తువ్వాలు కప్పి వదిలేయడమే పొరపాటు, అది కాసేపటికి వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. వేడి దినాల్లో నడక తెల్లవారుజామునో, పొద్దు గుంకాక నేల చల్లబడిన తరవాతో పెట్టుకోవాలి. నేల మీద అరచేతి వెనకభాగం కొన్ని క్షణాలు ఆనించలేకపోతే ఆ నేల కుక్క పాదాలకూ పనికిరాదు.

నీళ్లలోనూ ఇదే కండ ఎదురు తిరుగుతుంది. కొవ్వు తక్కువ, బరువంతా ముందుభాగంలో, కాళ్లు పొట్టి కనుక చాలా స్టాఫర్డ్‌లు సరిగా ఈదలేవు, తల నీళ్ల మీద నిలపడానికే అలసిపోతాయి. చెరువు అంచున గాని ఈతకొలను దగ్గర గాని కుక్కలకు తయారుచేసే తేలే జాకెట్ లేకుండా దీన్ని వదలకూడదు.

బలమైన కుక్క కదా అని తిండి ఎక్కువ పెట్టడం మరో మురిపెం. దిట్టమైన శరీరంలో కొవ్వు చేరినా కండలాగే కనిపిస్తుంది కనుక, ఈ జాతిలో ఊబకాయం ఆలస్యంగా బయటపడుతుంది. కళ్లను నమ్మకుండా చేతిని నమ్మాలి. పిడికిలి బిగించి దాని కణుపుల మీద రెండో చేతి వేళ్లు నడిపితే ఎలా ఉంటుందో, కుక్క పక్కటెముకల మీద వేళ్లు నడిపినప్పుడు అలా తగిలితే అది బక్కచిక్కినట్టు. అరచేయి చాపి దాని వెనకవైపు తడిమితే ఎముకలు పలుచటి పొర కింద తెలిసినట్టు తెలిస్తే సరిగా ఉన్నట్టు. అరచేతి మెత్తటి భాగంలా ఏ ఎముకా తగలకపోతే బరువు ఎక్కువైనట్టు. పైనుంచి చూసినప్పుడు పక్కటెముకల వెనక నడుము లోపలికి ఒదగాలి.

పరిమాణం విషయానికొస్తే, పశువైద్య పోషణ శాస్త్రంలో కిలోల బరువును 0.75 ఘాతానికి పెంచి 70తో గుణించే సూత్రం ఒకటి ఉంది. 15 కిలోల కుక్కకు విశ్రాంతిలో రోజుకు దాదాపు 530 కిలోకేలరీలు అవసరమని దాని ప్రకారం తేలుతుంది. శస్త్రచికిత్సతో సంతానశక్తి తీసేసిన పెద్ద కుక్క సాధారణ జీవనానికి దీనికి 1.6 రెట్లు, అంటే సుమారు 850 కిలోకేలరీల దగ్గర మొదలుపెట్టి, బరువును బట్టి సవరించుకోవాలి. శిక్షణలో ఇచ్చే చిరుతిళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. కండ పెంచుతామని అమ్మే పొడులతో పనిలేదు. ఈ జాతికి కండ వంశం నుంచి వస్తుంది, మామూలు సమతుల ఆహారం, కదలిక దాన్ని నిలబెడతాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, చక్కెరకు బదులు వాడే జైలిటాల్ ఉన్న తీపి పదార్థాలు కుక్కలకు విషం, వీటిలో ఏదీ దాని నోటికి అందకూడదు.

వ్యాయామం రోజుకు గంటకు తగ్గకుండా ఉండాలి, కానీ కాలితో పాటు బుర్రకు కూడా పని పెట్టాలి. వాసన పట్టి దాచిన తిండి వెతకడం, పజిల్ బొమ్మలోంచి తిండి రాబట్టడం వంటి ఆటలు కాసేపు ఆడిన కుక్క, బాగా పరిగెత్తిన కుక్కలా తృప్తిగా పడుకుంటుంది. పెరిగే వయసులో, ఎముకల చివర ఎదుగుదల పలకలు ఇంకా మూసుకోని మొదటి ఏడాదిలో, ఎత్తునుంచి దూకించడం, టైర్లు లాగించడం, తాడుకు వేలాడదీయడం కీళ్లకు చేటు. కండల ప్రదర్శన కోసం ఇలాంటివి చేయించేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ పని తాలూకు నొప్పి ఆరేడేళ్ల తరవాత కుక్క ఒక్కతే మోస్తుంది. పట్టీ లాగే అలవాటున్న కుక్కకు మెడ మీద బిగుసుకునే గొలుసు వద్దు, ఛాతీ మీద ఇంగ్లీషు వై ఆకారంలో కుదిరే హార్నెస్ వాడి, పట్టీ వదులుగా ఉన్నప్పుడే ముందుకు నడవాలి. నమలడానికి గట్టి రబ్బరు బొమ్మలు మేలు. ఉడికించిన ఎముకలు పదునైన ముక్కలై పేగులకు గుచ్చుకుంటాయి, జింక కొమ్ములాంటివి ఈ దవడ బలానికి దంతాన్నే విరిచేస్తాయి.

శిక్షణలో ఈ జాతిని మొండిదని అంటారు. దగ్గరనుంచి చూస్తే అది మొండితనం కాదు, ఉద్వేగం. మనిషి మెప్పు కోసం ఇది ఏదైనా చేస్తుంది, ఉత్సాహం ఉప్పొంగినప్పుడు మాత్రం చెవులు మూసుకుపోతాయి. అరిచినా కొట్టినా ఆ ఉద్వేగం ఇంకా పెరుగుతుంది, లేదా భయంగా మారుతుంది. బలమైన కుక్కలో భయం కంటే పెద్ద ప్రమాదం లేదు. మూడో వారం నుంచి పద్నాలుగో వారం మధ్య కుక్కపిల్ల చూసిన మనుషులు, శబ్దాలు, ఇతర కుక్కలు దాని జీవితకాలపు నమ్మకాలకు పునాది వేస్తాయి కనుక, ఆ వారాల్లో టీకాల జాగ్రత్తలు పాటిస్తూనే లోకాన్ని మెల్లగా చూపించాలి. చిన్న పాఠాలు, వెంటనే బహుమతి, ఒళ్లు తెలియనంత ఊపు రాకముందే ఆపడం చాలు.

ఒంటరితనం గురించి కొంచెం ఆగి చెప్పాలి. మనిషిని ఇంతగా అంటిపెట్టుకునే కుక్క రోజంతా ఒక్కతే ఉండలేదు. తలుపు గీకడం, సోఫా చింపడం, ఆగని ఏడుపు అల్లరి కాదు, ఆందోళన. చిన్నప్పటినుంచి కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి ఒంటరిగా ఉండటం అలవాటు చేయాలి, తొమ్మిది గంటలు ఇల్లు తాళం వేసి ఉండే కుటుంబానికి ఈ జాతి తగదని ఒప్పుకోవాలి. పెరట్లో గొలుసుకు కట్టేస్తే ఈ కుక్క కాపలా కాయదు, కుంగిపోతుంది. బ్రిటన్‌లో వదిలేసిన కుక్కల ఆశ్రయ కేంద్రాల్లో స్టాఫర్డ్‌లు, వాటి సంకరాలు ఏళ్ల తరబడి పెద్ద సంఖ్యలో ఉంటూ వచ్చాయి. కండ చూసి తెచ్చుకొని, మనసు చూసి భరించలేక వదిలేసిన కుక్కలు వాటిలో ఎన్నో.

వెంట్రుకల పని తక్కువే. వారానికోసారి రబ్బరు బ్రష్, అవసరమైనప్పుడు స్నానం, గోళ్లు, చెవులు, పళ్లు. చర్మం పని మాత్రం తక్కువ కాదు. దుమ్ములోని పురుగులు, పుప్పొడి, కొన్ని ఆహారాలు పడక దురద, పాదాలు నాకుకోవడం, చెవిపోటు రావడం ఈ జాతిలో తరచుగా చూస్తాం. తెల్లటి ఒళ్లు, గులాబీ ముక్కు ఉన్నవి ఎండకు కమిలిపోతాయి. వాటికి రాసే లేపనంలో జింక్ ఆక్సైడ్ ఉండకూడదు, నాకితే విషమవుతుంది. 'బ్లూ' అని ఎక్కువ ధరకు అమ్మే బూడిదనీలం రంగు, నలుపును పలుచన చేసే జన్యువు వల్ల వచ్చేది. అలాంటి కొన్ని కుక్కల్లో వయసుతో వెంట్రుకలు పలచబడి చర్మం ఇబ్బంది పెడుతుంది. రంగు కోసమే కుక్కను ఎంచుకోవడం నాకు ఎన్నడూ తెలివైన పనిగా అనిపించలేదు.

ఎంచుకునే ముందు అడగాల్సినవి రెండు జన్యు పరీక్షల ఫలితాలు. మొదటిది ఎల్-2-హెచ్‌జీఏ అనే జీవక్రియ లోపానిది. ఒక ఆమ్లం శరీరంలో విచ్ఛిన్నం కాకుండా పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తుంది. సాధారణంగా ఆరు నెలలు, ఏడాది మధ్య తూలు నడక, వణుకు, వ్యాయామం తరవాత కండరాలు బిగుసుకుపోవడం, ఫిట్స్, దిక్కుతోచనట్టు ప్రవర్తించడం మొదలవుతాయి. నయం చేసే మందు లేదు. రెండోది వంశపారంపర్యంగా వచ్చే కంటి శుక్లం. కుక్కపిల్ల పుట్టిన కొన్ని వారాలకో నెలలకో రెండు కళ్లలోనూ మొదలై, రెండు మూడేళ్లకు చూపు పోగొడుతుంది.

ఈ రెండూ ఒకే తీరులో సంక్రమిస్తాయి. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, లోపమున్న రెండు ప్రతులూ కలిస్తేనే జబ్బు వస్తుంది. ఒక్క ప్రతి ఉన్న కుక్కను వాహకం అంటారు, దానికి జబ్బు ఉండదు, చూస్తే తెలియదు. రెండు వాహకాలను జతకూరిస్తే ఒక్కొక్క పిల్లకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, వాహకమయ్యే అవకాశం సగం. అదే వాహకాన్ని లోపం లేని కుక్కతో జతకూరిస్తే ఏ పిల్లకూ జబ్బు రాదు. వాహకాలన్నిటినీ పెంపకంనుంచి తీసేయాలని కొందరు తొందరపడతారు కానీ, అలా చేస్తే జాతిలోని మంచి జన్యు వైవిధ్యం కూడా పోయి, కొత్త జబ్బులకు దారి తెరుచుకుంటుంది. పరీక్షించి, సరైన జతను ఎంచుకుంటే ఈ రెండు జబ్బులతో ఒక్క పిల్ల కూడా పుట్టనక్కర్లేదు. పరీక్ష చేయించని పెంపకందారు 'మా కుక్కలకు ఎప్పుడూ ఏమీ రాలేదు' అని చెబితే, ఆ మాటకు జన్యువుల దగ్గర విలువ లేదు. పుట్టుకతో కంటి లోపల వచ్చే పీహెచ్‌పీవీ అనే మరో లోపానికి జన్యు పరీక్షతో పనిజరగదు, కంటి నిపుణుడు కుక్కపిల్ల వయసులోనే కళ్లు చూడాలి.

నొప్పి విషయంలో ఈ జాతి యజమానిని తేలిగ్గా మోసం చేస్తుంది. నొప్పి తెలియక కాదు, ఉత్సాహం దాన్ని కప్పేస్తుంది. మోకాలి స్నాయువు తెగిన కుక్క కూడా బంతిని చూస్తే మూడు కాళ్లమీద పరిగెత్తుతుంది. పడుకొని లేచేటప్పుడు తడబాటు, మెట్లు ఎక్కడానికి వెనకాడటం, ఎప్పుడూ దూకే మంచం దగ్గర ఆగి చూడటం, ఒకే చోట పదేపదే నాకుకోవడం వంటి చిన్న గుర్తులే ఇక్కడ ఆధారం. ఇది 12 నుంచి 14 ఏళ్లు బతికే జాతిగా చెబుతారు. ఏడెనిమిదేళ్లు దాటాక మూతి నెరుస్తుంది, తొడల కండ మెల్లగా తగ్గుతుంది, ఎముకల మీద బరువు పెరుగుతుంది. ఆ వయసులో తిండి కొంత తగ్గించి, నడకను చిన్న చిన్న విడతలుగా చేసి, నున్నటి నేల మీద జారకుండా చాపలు పరచాలి. చర్మంలో పుట్టే మాస్ట్ కణాల గడ్డలకు, అంటే ఒక రకం క్యాన్సర్ గడ్డలకు, ఈ జాతి ఎక్కువగా లోనవుతుంది. అవి పురుగు కుట్టిన దద్దురులా కనబడి, ఒకరోజు పెరిగి మరుసటిరోజు తగ్గి, ఏమీ కాదనిపిస్తాయి. అందుకని నెలకోసారి, సాయంత్రం పక్కన పడుకున్నప్పుడు, చెవుల వెనకనుంచి తోక మొదలు దాకా, చంకలు, కడుపు, తొడల లోపలివైపు వేళ్లతో తడిమి చూడాలి. ఏ చిన్న గడ్డ తగిలినా దాని చోటు, కొలత రాసుకొని, సూదితో కొన్ని కణాలు తీసి పరీక్షించమని పశువైద్యుణ్ని అడగాలి.